ఎప్సమ్ ఉప్పు, అమ్మ పాదాలు

ఎప్సమ్ అనగానే ఇక్కడుండే మనవాళ్ళలో చాలామందికి గుర్రప్పందాలే గుర్తొస్తాయి. 1780 నుంచీ డెర్బీ పందెం జరిగే ఊరు మరి! మేము సటన్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో మావారి ఆఫీసువాళ్ళు ఒకసారి ఆ పందేలకు తీసుకెళ్ళారు. గుర్రాలకన్నా ఆడవాళ్ళ టోపీలే ఎక్కువ చూసి వచ్చాను. ఆ తర్వాత పదకొండేళ్ళపాటు, రైలెక్కితే పది నిమిషాల్లో చేరే ఆ ఊరికి మళ్ళీ పనిగట్టుకుని వెళ్ళింది లేదు. పోయినేడాది జూలైలో మా అమ్మాయి పుణ్యమా అని వెళ్ళాం. అదీ గుర్రాలకోసం కాదు, ఉప్పుకోసం.

సంగతేమిటంటే, ఇక్కడ జూలైలో బడి సంవత్సరం అయిపోతుంది. ఆఖరి వారంలో పిల్లలు టీచర్లకు ఏదో ఒక కానుక ఇస్తారు. ఏటా నేను సూపర్‌మార్కెట్‌లో ఓ చాక్లెట్ డబ్బా కొని చేతికిచ్చి పంపేదాన్ని. పోయినేడాది మా చిన్ని, అప్పటికి దానికి పదేళ్ళు, "ఈసారి నేనే చేసి ఇస్తాను" అని పట్టుబట్టింది. ఏం చేస్తావే అంటే స్నానాల ఉప్పు అంది. బాత్ సాల్ట్స్ అని సీసాల్లో అమ్ముతారు చూడండి, వేణ్ణీళ్ళ టబ్బులో ఓ గుప్పెడు పోసుకుని అందులో కాసేపు కూర్చుంటారు, అది. నా పుట్టినరోజుకు ఎవరో ఇచ్చిన సీసా ఒకటి రెండేళ్ళుగా బాత్‌రూమ్ కిటికీలో పడి ఉంది. చిన్ని దాన్ని తీసుకొచ్చి చదివింది. 'ఎప్సమ్ సాల్ట్‌తో చేసినది' అని రాసి ఉంది.

"అమ్మా, ఈ ఎప్సమ్, మన పక్కనున్న ఎప్సమేనా?"

గుంటూరులో కెమిస్ట్రీతో డిగ్రీ చేసినదాన్ని. మెగ్నీషియం సల్ఫేట్ అనీ, ఏడు నీటి అణువులు ఉంటాయనీ బట్టీపట్టి పరీక్షలు రాసినదాన్ని. ఆ పేరులో ఒక ఊరుందనీ, ఆ ఊరి పక్కనే నేను కాపురం ఉంటున్నాననీ నాకు ఏనాడూ తట్టలేదు. సిగ్గేసింది.

అప్పటికి అమ్మ మా దగ్గరే ఉంది. ఆర్నెల్ల వీసా మీద మేలో వచ్చింది. మా ఊరు పర్చూరు దగ్గర. నాన్న పోయాక ఆవిడ ఇంత దూరం రావటం అదే మొదటిసారి. మా వంటింట్లో ఏ వస్తువూ తనంతట తాను ముట్టుకునేది కాదు. "మీ ఇంటి పద్ధతులు నాకేం తెలుసమ్మా" అంటూ సోఫాలో ఓ మూల కూర్చునేది. నలుగురికి వండి వార్చిన మనిషి అలా చుట్టంలా కూర్చుంటే నాకు మనసు మనసులో ఉండేది కాదు. ఆ రోజు మాత్రం చిన్ని చేతిలోని సీసా తీసుకుని మూత తీసి వాసన చూసి, "స్నానానికి ఉప్పేమిటే? దిష్టి తీసుకోవటానికా?" అంది. చిన్ని పడీ పడీ నవ్వింది. శనివారం ముగ్గురం, అదే, మావారితో కలిపి నలుగురం బయల్దేరాం.

ఎప్సమ్ ఊరు మధ్యలో గడియారస్తంభం, దుకాణాలు అన్నీ మామూలే. అసలు బావి అక్కడ లేదు. ఊరికి పడమరగా ఎప్సమ్ కామన్ అని పెద్ద బీడు ఉంది. స్టేషన్ నుంచి నడిస్తే అరగంట. అమ్మకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి కార్లోనే వెళ్ళాం. కామన్ అంచున గుండ్రంగా కట్టిన ఇళ్ళ మధ్య పచ్చిక, ఆ పచ్చికలో గట్టు కట్టిన చిన్న బావి. గిలక లేదు, చేద లేదు, జనం లేరు. ఓ పెద్దాయన కుక్కను తిప్పుతూ మమ్మల్ని వింతగా చూసుకుంటూ పోయాడు.

"ఇదా? దీనికోసమా ఇంత దూరం కారేసుకొచ్చాం? మన దొడ్లో బావి ఇంతకు నాలుగింతలుంటుంది" అంది అమ్మ.

ఆవిడ అన్నది నిజమే. కానీ ఆ బావి ఒకప్పుడు లండన్ మొత్తాన్ని తన దగ్గరకు రప్పించుకుంది. చెప్పుకునే కథ ఇది. 1618 ఎండాకాలంలో హెన్రీ వికర్ అనే పశువుల కాపరి ఇక్కడ నీళ్ళున్న గుంట ఒకటి చూసి, దాన్ని వెడల్పు చేసి పశువులను తోలుకొచ్చాడట. అంత దాహంలోనూ ఒక్క ఆవు మూతి పెట్టలేదట. రుచి చూస్తే చేదు. కొన్నాళ్ళకు ఆ చేదునీళ్ళు కడుపును శుభ్రం చేస్తాయని తెలిసింది. ఇంకేం, డాక్టర్లు రాసివ్వటం, పెద్దవాళ్ళు బగ్గీలు కట్టుకుని రావటం మొదలైంది. లండన్ జీవితం గురించి డైరీ రాసిపెట్టిన శామ్యూల్ పీప్స్ 1667 జూలైలో పొద్దున్నే ఇక్కడికి వచ్చి నాలుగు పింట్ల నీళ్ళు తాగానని రాసుకున్నాడు. నాలుగు పింట్లంటే రెండు లీటర్ల పైమాట. ఆ తర్వాత ఆయన పొదలచాటుకు ఎన్నిసార్లు వెళ్ళాడో ఊహించుకోమంటే చిన్ని ముక్కు మూసుకుంది.

1695లో నెహెమయా గ్రూ అనే వైద్యుడు ఈ నీళ్ళలోని చేదు ఉప్పు మీద లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. ఈయన సూక్ష్మదర్శిని కింద మొక్కల కాండాలూ వేళ్ళూ కోసి చూసినవారిలో తొలితరం మనిషి కూడా. నీళ్ళను మరిగించి ఇగరబెడితే అడుగున ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పును ఎక్కడికైనా పంపవచ్చు అని తేలాక, దాన్ని చేసుకునే హక్కును రాజుగారి నుంచి పేటెంటుగా సంపాదించాడు. ఈలోపే ఫ్రాన్సిస్ మౌల్ట్ అనే మందుల వ్యాపారి ఆయన పుస్తకాన్ని అడక్కుండానే ఇంగ్లీషులో వేసేసి, ఉప్పు కూడా చేసి అమ్మాడు. ఇద్దరికీ పెద్ద రభస. పైరసీ మన సినిమాలతో పుట్టిందేం కాదన్నమాట. ఉప్పు సీసాల్లోకి ఎక్కాక జనానికి బావిదాకా వచ్చే అవసరం తీరిపోయింది. 18వ శతాబ్దంలో సందడి క్రమంగా తగ్గి, సరదారాయుళ్ళు బాత్ లాంటి ఊళ్ళకు మళ్ళారు. ఇప్పుడు లోకమంతా ఎప్సమ్ ఉప్పు కొంటోంది, అందులో ఎప్సమ్ నుంచి వచ్చేది చిటికెడు కూడా లేదు. మెగ్నీషియం ఖనిజాలనుంచి ఫ్యాక్టరీల్లో తయారవుతుంది. ఉండటానికి మనం కూడా అంతే కదా, ఇంటిపేరు ఒక ఊరిది, ఉండేది మరో ఊళ్ళో.

ఇదంతా నేను చిన్నికి చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపింది. "కడుపు శుభ్రం చేసే ఉప్పా? భేది ఉప్పు అని చెప్పవే! మా చిన్నప్పుడు మా తాతయ్య నెలకోసారి అందరికీ తాగించేవాడు. దానికా ఇంత చరిత్ర?"

మావారు ఫోన్లో మెగ్నీషియం సల్ఫేట్ సంచీ బొమ్మ చూపించారు. అమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "ఓరి! ఇది పత్తిచేలో కొట్టే మందు. ఆకు ఎర్రబడితే మీ మావయ్యగారు లీటరుకు పది గ్రాములు కలిపి కొట్టేవారు" అంది. పత్తి ఆకులు ఎర్రబడటం మెగ్నీషియం చాలకపోతే వచ్చేదేనని మన వ్యవసాయ శాఖవాళ్ళూ చెబుతారు. నాన్న పోయిన తర్వాత ఆయన మాట ఆవిడ నోట అంత మామూలుగా రావటం నేను అప్పుడే విన్నాను. ఆ చేదుబావి గట్టు మీద కూర్చుని అమ్మ మనవరాలికి స్ప్రేయరు భుజానికి ఎలా తగిలించుకుంటారో చెప్పింది. గుర్తుంచుకోండి, పొలాలకూ తోటలకూ అమ్మే రకం స్నానానికి పనికిరాదు. మందుల షాపులో శుభ్రమైన రకం అడిగి తీసుకోండి. చిన్న సీసా ధరకు పెద్ద సంచీయే వస్తుంది.

మర్నాడు ఆదివారం బాన్‌స్టెడ్ వెళ్ళాం. ఉప్పుకు వాసన కావాలి కదా. అక్కడ మేఫీల్డ్ లావెండర్ అని 25 ఎకరాల పొలం ఉంది. క్రాయిడన్ నుంచి బాన్‌స్టెడ్ వైపు పోయే 166 బస్సు దాని ముందే ఆగుతుంది. జూన్ చివర మొదలై ఆగస్టుదాకా పూత. మెట్టమీద ఊదారంగు సాళ్ళు అలా కిందికి దిగిపోతుంటాయి. మధ్యలో ఎర్రటి టెలిఫోన్ బూత్ ఒకటి నిలబెట్టారు. ఫొటోలకోసం దాని ముందు క్యూ. ఆ క్యూలో సగం మనవాళ్ళే. పట్టుచీరలు, మల్లెపూలు, పెళ్ళి ఫొటోగ్రాఫర్లు. "ఇది లండనా, తిరణాలా?" అంది అమ్మ. నాకైతే ఆ బూత్ కన్నా, సాలులో వంగి చెవి పెడితే వినిపించే తేనెటీగల రొద నచ్చింది.

మన ప్రాంతానికి లావెండర్ కొత్త కాదు. ఇప్పుడు మనం ట్రామెక్కి దాటిపోయే మిచమ్, మా పక్కనే ఉన్న కార్షాల్టన్, వాలింగ్టన్ విక్టోరియా రాణి కాలంలో లావెండర్‌కు పెట్టింది పేరు. పాటర్ అండ్ మూర్ అనే పరిమళాల కంపెనీ మిచమ్‌లో 1749లోనే మొదలైంది. తర్వాత ఇళ్ళు పెరిగి, పొలాలు పోయి, వీధుల పేర్లు మిగిలాయి.

అమ్మ ఒక పూరెమ్మను తెంపకుండానే వేళ్ళతో నలిపి వాసన చూసింది. "మరువానికి చెల్లెలులా ఉందే" అంది. ఇంటికొచ్చాక చూస్తే ఆవిడ మాట అక్షరాలా నిజం. లావెండరూ మరువమూ, ఆమాటకొస్తే తులసీ పుదీనా రోజ్‌మేరీ కూడా, శాస్త్రం ప్రకారం ఒకే కుటుంబం మొక్కలు. మేము పొలంలో చెయ్యి పెట్టకుండా అక్కడి షాపులో పచ్చి లావెండర్ కట్టలు నాలుగు కొనుక్కొచ్చాం.

ఇక తయారీ. ఇక్కడ నా తెలివితేటలు చెప్పాలి. లావెండర్ ఎండటానికి పది, పన్నెండు రోజులు పడుతుందంది అమ్మ. చిన్నికి అంత ఓపిక లేదు. సరే, ఈలోపు ఒక సీసా చేద్దామని బుధవారం సాయంత్రం మా పెరట్లో రోజ్‌మేరీ కోసి, కడిగి, గుడ్డతో తుడిచి, సన్నగా తరిగి ఉప్పులో కలిపేశాం. చూడటానికి ముచ్చటగా ఉంది, పచ్చపచ్చగా. శుక్రవారానికి సీసా అడుగున రెండంగుళాల నీళ్ళు, పైన గడ్డకట్టిన ఉప్పు, మధ్యలో నల్లబడ్డ ఆకు.

"ఉప్పు తగిలితే ఊట ఊరదూ? మామిడికాయ ముక్కలకు పట్టించినట్టు పట్టించావు" అంది అమ్మ. కెమిస్ట్రీ చదివింది నేను, ఊట సంగతి గుర్తున్నది ఆవిడకు. ఆ రోజునుంచి వంటింట్లో పెత్తనం చేతులు మారింది. లావెండర్ కట్టల్ని తలకిందులుగా బాయిలర్ ఉండే అలమరలో కట్టించింది. "ఎండలో పెడితే రంగూ పోతుంది, వాసనా పోతుంది. పువ్వు నీడనే ఆరాలి" అంది. రోజుకోసారి అలమర తలుపు తీసి ఒక కాడ విరిచి చూసేది. వంగితే ఇంకా ఉంది. ఫటుక్కున విరిగితే ఆరినట్టు. గులాబీ రేకలకూ అదే లెక్క, వేళ్ళ మధ్య నలిగి పొడి కావాలి.

ఆ ఊటకారిన ఉప్పు పారెయ్యటానికి నాకు మనసొప్పలేదు. అదే నేను చేసిన పొరపాటు.

ఆదివారం సాయంత్రం. అమ్మ కాళ్ళు లాగుతున్నాయంది. మనకు తెలిసిన వైద్యమే కదా, వేణ్ణీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టుకోవటం. ప్లాస్టిక్ టబ్బులో కెటిల్ నీళ్ళూ కొళాయి నీళ్ళూ పోసి, రోజ్‌మేరీ ఉప్పు రెండు గుప్పిళ్ళు వేసి ఆవిడ ముందు పెట్టాను. వేలు ముంచి చూస్తే చురుక్కుమంది. "వేడిగా ఉన్నాయా?" అని అడిగాను. "బాగున్నాయమ్మా, హాయిగా ఉంది" అంది. ఊళ్ళో కాగు నీళ్ళు పోసుకున్న మనిషి, అలవాటే అనుకుని వంటింట్లోకి వెళ్ళాను. పప్పు తాలింపు వేసి, చపాతీలు కాల్చి పావుగంట తర్వాత వచ్చాను. అమ్మ టీవీ చూస్తోంది. కాళ్ళు బయటికి తీస్తే చీలమండల దాకా ఎర్రగా, గీత గీసినట్టు ఉంది.

నాకు గుండె ఆగినంత పనైంది. ఇరవై నిమిషాలపాటు కొళాయి చన్నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. వెన్న రాయమని అమ్మ, ఏమీ రాయకూడదని నేను. తెల్లారేసరికి ఎడమకాలి చిటికెనవేలి పక్కన బొబ్బ లేచింది. అమ్మకు పదిహేనేళ్ళుగా సుగర్ ఉంది. నాకు తెలియనిదేం కాదు. మాత్రలు వేసుకుంటోంది, తీపి మానేసింది, అక్కడితో నా దృష్టిలో దాని పని అయిపోయింది.

క్లినిక్‌లో నర్సు బొబ్బకు కట్టుకట్టి, ఆ తర్వాత చిన్న పిడికి బిగించిన నైలాన్ దారం లాంటిది తీసింది. దాని కొస పాదానికి ఆనించి వంగేదాకా నొక్కుతారు. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట. కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ కళ్ళు మూసుకుంది. నర్సు బొటనవేలి కింద నొక్కింది. చిటికెనవేలి కింద నొక్కింది. పాదం మధ్యలో నొక్కింది. నేను చూస్తూనే ఉన్నాను. కాసేపటికి అమ్మ కళ్ళు మూసుకునే, "ఇంకా మొదలుపెట్టలేదేమే?" అంది.

ఆ మాట నర్సుకు తర్జుమా చెయ్యటానికి నాకు కాస్త టైము పట్టింది.

తిమ్మిరి ఎప్పటినుంచి అని అడిగితే ఏడాది పైనే అని అప్పుడు చెప్పింది. "నడిస్తే దూది మీద నడిచినట్టుంటుంది. వయసొచ్చింది, అంతేలే అనుకున్నాను. అంత దూరంలో ఉన్నదానివి, నీకు చెప్పి కంగారుపెట్టటం ఎందుకు?" వారం వారం ఫోన్లో గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం. కూరగాయల ధరలు, పక్కింటివాళ్ళ పెళ్ళిళ్ళు అన్నీ వచ్చేవి. పాదాలు ఏ వారమూ రాలేదు. నేనూ అడగలేదు.

నర్సు చెప్పినవి మన సంఘంలో అమ్మానాన్నలను తెచ్చుకున్న ప్రతి ఇంటికీ పనికొస్తాయి కాబట్టి రాస్తున్నాను. సుగర్ ఉన్నవాళ్ళు పాదాలు నీళ్ళలో నానబెట్టకూడదు. ఉప్పు వేసినా, వెయ్యకపోయినా. నానిన చర్మం మెత్తబడి తేలిగ్గా చిట్లుతుంది, తిమ్మిరి ఉంటే వేడి తెలియదు, పుండు పడితే మానటం కష్టం. స్నానం నీళ్ళ వేడి వాళ్ళ కాలితో కాదు, మన మోచేత్తో చూడాలి. థర్మామీటరు ఉంటే 37 డిగ్రీలు దాటకూడదు. కడిగాక వేళ్ళ సందులు తడిలేకుండా అద్దాలి. రోజూ పాదాలు అడుగుభాగంతో సహా చూడాలి, వంగలేనివాళ్ళకు అద్దం పెట్టి చూపించాలి. ఏడాదికొకసారైనా ఈ దారం పరీక్ష చేయించాలి. మన ఊళ్ళలోనూ సుగర్ డాక్టర్లు చేస్తారు, అడగండి. పుండు మానటానికి అమ్మకు మూడు వారాలు పట్టింది. తేలిగ్గా పోయిందనే అనాలి.

మరి ఉప్పు సంగతి? మంగళవారం నేను ఆ సంచీ మొత్తం బిన్‌లో వెయ్యబోతుంటే అమ్మే ఆపింది. "నా కాళ్ళకు పడకపోతే పంతులమ్మగారి కాళ్ళేం చేశాయే? పిల్ల అంత ముచ్చటపడింది." కట్టు కట్టిన కాలు పీటమీద పెట్టుకుని, లావెండర్ పూలు కాడలనుంచి దూయటం తనే మొదలుపెట్టింది.

మేము చేసిన పాళ్ళు ఇవి. ఎప్సమ్ ఉప్పు రెండు కప్పులకు కల్లుప్పు ఒక కప్పు. అమ్మ చినగంజాం ఉప్పు మడుల మాటెత్తింది. తన చిన్నతనంలో ఆ ఉప్పు బండ్లమీద ఊళ్ళోకి వచ్చేదట, కుంచాలతో కొలిచి పోసేవారట. మాకు ఇక్కడ దొరికింది ఎసెక్స్ తీరంలోని మాల్డన్ ఉప్పు. అది వంటకు దాచుకుని మామూలు సముద్రపు కల్లుప్పే వేశాం. ఎండిన లావెండర్ పూలు రెండు టేబుల్‌స్పూన్లు, గులాబీ రేకల నలుగు ఒక గుప్పెడు. లావెండర్ తైలం పది చుక్కలు, అదీ ఒక స్పూను పొద్దుతిరుగుడు నూనెలో కలిపి. తైలం నీళ్ళలో కరగదు, ఒట్టిగా వేస్తే పైన తేలి చర్మానికి చురుక్కున అంటుకుంటుంది. చాలామంది బాదం నూనె వాడతారు. మేము వద్దనుకున్నాం, బడిలో నట్స్ పడని పిల్లలున్నారు, టీచరు సంగతి మనకు తెలియదు. అన్నీ కలిపి పళ్ళెంలో ఒక రాత్రి ఆరనిచ్చి, బాగా ఆరిన సీసాల్లో పోసి బిగించాం. చెంచా తడిగా ఉంటే మళ్ళీ ఊరగాయే.

ఉప్పును ఉప్పుగానే టబ్బులో చల్లితే పూలన్నీ వెళ్ళి డ్రెయిన్‌లో అడ్డుపడతాయి. మొదటి ప్రయోగంలో మావారు రబ్బరు పంపుతో అరగంట కుస్తీపట్టారు. అప్పుడు అమ్మ నాన్న పాత పంచె ఒకటి తన పెట్టెలోంచి తీసింది. దాన్ని వెంట తెచ్చుకుందని నాకు తెలియదు. ఒక్క క్షణం చేత్తో నిమిరి, అంచు పక్కన పెట్టి మిగతాది జానెడు ముక్కలుగా చింపింది. ఉప్పు ఆ ముక్కలో మూటకట్టి టబ్బులో వదిలితే ఉప్పు కరుగుతుంది, పూలు మూటలోనే ఉంటాయి. పెద్ద టబ్బుకు ఒక కప్పు చాలు, పావుగంట చాలు. గర్భిణులకూ, చంటిపిల్లలకూ తైలం వెయ్యకండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు డాక్టర్ని అడగండి. దెబ్బలున్న చర్మం మీద వద్దు. నూనె ఉంది కాబట్టి టబ్బులోంచి లేచేటప్పుడు కాలు జారుతుంది, జాగ్రత్త.

డబ్బాల మీద రాసేవన్నీ నమ్మక్కర్లేదు. మెగ్నీషియం చర్మం గుండా దిగి నొప్పులన్నీ లాగేస్తుందనటానికి గట్టి ఆధారాలు లేవు. హాయి ఉన్నదల్లా గోరువెచ్చటి నీళ్ళది, వాసనది, తలుపేసుకుని ఎవరూ పిలవకుండా కూర్చున్న ఆ పావుగంటది. నా లెక్కలో అది తక్కువేం కాదు. ఇద్దరు పిల్లల తల్లులెవరైనా ఒప్పుకుంటారు.

మొత్తం ఎనిమిది సీసాలయ్యాయి. చిన్ని ఒక్కోదానికి చీటీ రాసి, ఏమేం కలిపామో అన్నీ వరసగా రాసింది. మన దీపావళి మేళాలో అమ్మితే పోలా అన్నారు ఒకరిద్దరు స్నేహితులు. అమ్మాలంటే ఈ దేశంలో సౌందర్యసాధనాల చట్టం కింద భద్రతా నివేదిక, రిజిస్ట్రేషన్ అన్నీ ఉండాలి. ఇచ్చిపుచ్చుకోవటానికి ఆ గొడవ లేదు, ఇచ్చేశాం.

అమ్మ స్నానం మాత్రం వేరే. టబ్బులో నిలవ నీళ్ళలో కూర్చోవటం ఆవిడకు మొదటినుంచీ రోత. మందుల షాపులో అమ్మే జారని స్టూలు ఒకటి తెచ్చి టబ్బులో వేశాం. బకెట్లో నీళ్ళు పట్టి నేను మోచేత్తో చూసి, చెంబుతో పోసేదాన్ని. పెసరపిండిలో కాస్త కస్తూరి పసుపు, ఎండు గులాబీ పొడి కలిపి నలుగు పెట్టేదాన్ని. చిన్నప్పుడు ప్రతి ఆదివారం నాకు ఆవిడ పెట్టిన నలుగే. కళ్ళల్లో పడిందని నేను ఏడిస్తే వీపు మీద ఒక్కటిచ్చేది. ఇప్పుడు ఆవిడ "మెల్లగా పొయ్యవే, కళ్ళల్లో పడుతోంది" అంటుంటే నేను నవ్వేదాన్ని. టబ్బుకు పసుపు మరక పడింది. ఇంటి యజమాని చూస్తే ఏమంటాడో అని మావారి దిగులు.

నవంబరులో అమ్మ వెళ్ళిపోయింది. పెట్టెలో చీరల మధ్య రెండు లావెండర్ మూటలు పెట్టుకుంది. అక్కడ ఒంగోలులో డాక్టరు దగ్గర పాదాల పరీక్షకు మా తమ్ముడు తీసుకెళుతున్నాడు. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ ముందు పాదాలు చూపించాలి, తర్వాతే కబుర్లు. మొదట్లో "ఛీ, కాళ్ళు చూపించటం ఏమిటే" అనేది. ఇప్పుడు తనే కుర్చీ మీద కాలు పెట్టి ఫోను కిందికి దించుతుంది.

ఈ జూలైలో చిన్ని హైస్కూలుకు మారుతోంది. ఇద్దరు టీచర్లు, ఒక లాలిపాప్ లేడీ, మొత్తం ముగ్గురికి ఇవ్వాలట. బాన్‌స్టెడ్ నుంచి తెచ్చిన కట్టలు బాయిలర్ అలమరలో వేలాడుతున్నాయి. నిన్న వీడియో కాల్‌లో పాదాల తనిఖీ అయ్యాక అమ్మమ్మ అడిగింది.

"లావెండర్ ఆరిందా?"

"ఆరిపోయింది అమ్మమ్మా, సీసాలో పోసేస్తాను."

"ఏదీ, ఒక కాడ ఫోను దగ్గర పెట్టి విరువు."

చిన్ని విరిచింది. ఇద్దరూ చెవులు రిక్కించారు.

"వంగింది. ఇంకో రెండ్రోజులు ఉండనీ."